చేపకు పట్టించే పిండి: తడి, నూనె, మధ్యలో ఓ పలుచని పొర

వంజరం ముక్కకు బియ్యప్పిండి అద్దాలా, శనగపిండి కలపాలా, కార్న్‌ఫ్లోర్ చల్లాలా అని అడిగితే కోస్తాలో ఇంటికో జవాబు వస్తుంది. నెత్తళ్ళకు ఉప్పు, కారం, పసుపు పట్టించి కాస్త బియ్యప్పిండి దులిపి వేయించేవారున్నారు. పిండి ఊసే లేకుండా మసాలా ముద్దతోనే పెనం మీద కాల్చేవారూ ఉన్నారు. హైదరాబాద్ హోటళ్ళలో అపోలో ఫిష్‌కు గుడ్డు, మైదా, కార్న్‌ఫ్లోర్ కలిపిన చిక్కటి పిండి పట్టిస్తారు. అమృత్‌సర్‌లో శనగపిండిలో వాము వేస్తారు. ఇంగ్లండులో మైదాను బీరుతో జారుగా కలుపుతారు.

ఎవరి పద్ధతి వారికి రుచి. ఆ రుచిని తప్పుపట్టడం ఈ వ్యాసం పని కాదు. కానీ ఈ పద్ధతుల వెంట కొన్ని నమ్మకాలు కూడా ప్రచారంలో ఉన్నాయి. బియ్యప్పిండి అయితే నూనె పీల్చదని, ఉప్పుకారంలో ఎంతసేపు నానితే అంత మంచిదని, వల లోంచి తీసిన వెంటనే వండితేనే చేప రుచి అని అంటుంటారు. వీటికి ఆధారం ఎంతవరకు ఉందో చూడటం నా ఉద్దేశం. నాకు అర్థమైనంతలో వేపుడు బాగా రావడానికి పిండి రకం కన్నా మూడు సంగతులు ముఖ్యం: ముక్క మీద ఎంత తడి ఉంది, పొర ఎంత మందం ఉంది, పిండి అద్దాక నూనెలో పడటానికి ఎంతసేపు పట్టింది.

ముందు చేప సంగతి. చచ్చిన చేప కండరంలో శక్తినిచ్చే ఏటీపీ అయిపోయేకొద్దీ కండరం బిగుసుకుంటుంది, మళ్ళీ కొన్ని గంటలకో రోజులకో సడలుతుంది. ఆ వ్యవధి చేప రకాన్ని బట్టి, దాచిన చల్లదనాన్ని బట్టి, వలలో అది ఎంత పెనుగులాడిందన్నదాన్ని బట్టి మారుతుంది. బాగా అలసిపోయిన చేప త్వరగా బిగుసుకుంటుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1995లో తాజా చేప నాణ్యత మీద ఒక సాంకేతిక గ్రంథం ప్రచురించింది. డెన్మార్క్ శాస్త్రవేత్త హెచ్. హెచ్. హస్ దానికి సంపాదకుడు. బిగుసుకోకముందే వండిన కండ మరీ మెత్తగా, ముద్దలా ఉంటుందని, బిగుసుకున్నప్పుడు వండితే గట్టిగా ఉంటుందని, సడలిన తర్వాత వండితేనే కండ బిగువుగా, రసంతో ఉంటుందని అందులో చెప్పారు.

వేపుడు చేసేవారికి ఇది నేరుగా పనికొచ్చే విషయం. బిగుసుకోకముందు ఎముక నుంచి విడదీసిన కండ వేడికి బాగా ముడుచుకుపోతుంది. పొర కింద ముక్క కుంచించుకుపోతే పిండి దానితోపాటు ముడుచుకోలేదు. చీలుతుంది, లేదా ఊడివస్తుంది. ఎముకతో అడ్డంగా కోసిన వంజరం చక్రానికి ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే నడిమి ముల్లు కండను నిలబెడుతుంది. బోన్‌లెస్ ముక్కలకే ఎక్కువ. కాబట్టి ఒడ్డున కొన్న చేపను శుభ్రం చేసి, ఐసులో పెట్టి, బిగువు సడలాక వండుకోవడంలో తప్పేమీ లేదు. రుచి రీత్యా అదే మేలు కావచ్చు కూడా. అయితే బంగాళాఖాతంలో దొరికే ఒక్కో రకానికి ఈ వ్యవధి ఇంత అని ఒకే లెక్క చెప్పడం సరికాదు. వేలితో నొక్కి చూడటమే వంటింట్లో చేయగల పరీక్ష.

ఇక తడి. కోసి కడిగిన వంజరం ముక్కకు ఉప్పు, కారం రాసి పళ్ళెంలో ఉంచి కాసేపాగి చూడండి. ముందు పొడిగా కనిపించిన కారం మెల్లగా ముదురెరుపు ముద్దవుతుంది. ఆ తర్వాత ముక్క అంచుల్లో పలుచని ఎర్రటి నీరు చేరుతుంది, పళ్ళెం వంచితే ఓ పక్కకు పారుతుంది. అది ముక్కలోంచి ఉప్పు లాగిన నీరే. అదే సమయంలో ఇంకోటి కూడా జరుగుతుంది. కండరంలోని మయోసిన్ అనే ప్రోటీను ఉప్పుకు కొంత కరిగి ముక్క పైభాగం జిగటగా తయారవుతుంది. చేప పేస్టుతో సురిమి తయారుచేసేవారు ఆధారపడేది ఈ గుణం మీదే. పిండి పట్టి నిలవడానికి ఈ జిగురు కావాలి, పైన ఊరిన నీరు అక్కర్లేదు. అందుకే ఉప్పు రాసి కొద్దిసేపు ఉంచి, ఊరిన నీటిని వంచేసి, అప్పుడు పొడి పిండి అద్దడం సబబు అనిపిస్తుంది. నీటితో పాటు కొంత కారం పోతుందనుకుంటే ఆ మేరకు పిండిలోనే కలుపుకోవచ్చు.

నిమ్మరసం, చింతపండు పులుసు పట్టించి ఎక్కువసేపు ఉంచడం మీద నాకు అనుమానాలున్నాయి. చేప కండ పీహెచ్ సాధారణంగా 6కు పైనే ఉంటుంది. పులుపు తగిలి అది 5.5 దగ్గరకు దిగేకొద్దీ నీటిని పట్టి ఉంచే శక్తి ప్రోటీన్లకు తగ్గిపోతుంది. పైపొర తెల్లబడి, వేయించాక పిప్పిలా అనిపిస్తుంది. నీచు వాసన తగ్గించడంలో పులుపుకు పాత్ర ఉంది, కాదనను. ఆ వాసనకు కారణమైన ట్రైమిథైల్ ఎమైన్ క్షార గుణమున్నది. ఆమ్లం తగిలితే అది ఆవిరై ముక్కుకు చేరడం తగ్గుతుంది. కానీ అంతగా వాసన తగ్గించాల్సిన అవసరం పడిన సముద్రపు చేప అప్పటికే పాతదై ఉండాలి. తాజా చేప మీద వేయించాక నిమ్మకాయ పిండుకుంటే సరిపోతుంది.

పిండి చేసే పనేమిటో చూస్తే మిగతా చర్చ తేలికవుతుంది. చేపలో దాదాపు 70 నుంచి 80 శాతం నీరే. 175 డిగ్రీల సెల్సియస్ నూనెలో పడగానే ఉపరితలంలోని నీరు ఆవిరై బుడగలుగా బయటికి తన్నుకొస్తుంది. పిండిలోని గంజి పదార్థం ఆ తడిని కొంత పీల్చి, 60 నుంచి 80 డిగ్రీల మధ్య ఉబ్బి జిగురై, తర్వాత ఎండి గట్టిపడుతుంది. ఆ గట్టి పొరలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. పొర వేడి 100 డిగ్రీలు దాటిపోయినా, దాని కింద కండలో నీరున్నంతసేపు వేడి ఆ హద్దు దాటదు. అంటే వేగేది పొర, లోపలి ముక్క నిజానికి తన ఆవిరిలో తానే ఉడుకుతోంది. మూకుట్లో బుడగల హోరు తగ్గిందంటే పైపొరలో నీరు చాలావరకు పోయినట్టు. ముక్క తీయాల్సిన వేళను గడియారం కన్నా ఆ చప్పుడు మెరుగ్గా చెబుతుంది.

బియ్యప్పిండి మీద నమ్మకానికి గట్టి ఆధారమే ఉంది. అమెరికా వ్యవసాయ శాఖకు న్యూఆర్లియన్స్‌లో ఉన్న పరిశోధన కేంద్రంలో ఫ్రెడ్ షీ, కిమ్ డైగల్ 1999లో బియ్యప్పిండి జారు, గోధుమపిండి జారు వేయించి పోల్చారు. బియ్యప్పిండి జారు గణనీయంగా తక్కువ నూనె పీల్చింది. బియ్యంలోని ప్రోటీన్లు గోధుమలోలా సాగే గ్లూటెన్‌గా అల్లుకోవు. ఇంతవరకు మన వంటింటి మాటను శాస్త్రం బలపరిచినట్టే. కానీ ఆ పరిశోధనలోనే మరో మాట ఉంది: ఒట్టి బియ్యప్పిండి జారు మరీ పలుచన, ముక్కకు సరిగా పట్టదు. అందుకని ముందే ఉడికించి ఆరబెట్టిన బియ్యప్పిండి లాంటివి చిక్కదనం కోసం కలపాల్సి వచ్చింది. పైగా వారు పోల్చింది నీళ్ళతో కలిపిన జారుల్ని. మనం నెత్తళ్ళ మీద దులిపేది పొడి పిండి, అదీ చిటికెలతో. అంత పలుచని పొరలో పిండి మారిస్తే నూనెలో తేడా కూడా అదే నిష్పత్తిలో ఉంటుందని ఆ ఫలితం నుంచి తేల్చకూడదు. నూనె తగ్గాలంటే పిండి రకం మార్చే ముందు పిండి తగ్గించి చూడాలన్నది నా అభిప్రాయం.

స్పెయిన్ దక్షిణ తీరంలోని ఆండలూసియాను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అక్కడి బొకెరోన్లు మన నెత్తళ్ళ కుటుంబానికి చెందిన చేపలే. వాటికి ఉప్పు చల్లి, ఒట్టి గోధుమపిండిలో పొర్లించి, అంటని పిండిని జల్లెడలో దులిపేసి వేయిస్తారు. గోధుమపిండే అయినా పొర బరువుగా ఉండదు. నీరు కలపలేదు, కలియబెట్టలేదు కనుక గ్లూటెన్ అల్లుకునే అవకాశమే రాలేదు. బియ్యప్పిండి లేని చోట కూడా చిన్న చేప కరకరలాడుతూ వేగుతోందంటే, ఘనత ఒక్క పిండి రకానికే ఇవ్వలేం. దులపడం కూడా చిన్న విషయం కాదు. వదులుగా ఉన్న పిండి మూకుడు అడుగున చేరి మాడుతుంది, తర్వాతి వాయికి ఆ చేదు అంటుకుంటుంది.

శనగపిండి తీరు వేరు. అందులో ప్రోటీను సుమారు 20 శాతం ఉంటుంది, కాబట్టి త్వరగా ఎర్రబడుతుంది, తనకంటూ ఒక రుచి ఉంటుంది. అమృత్‌సర్‌లో వాడే మంచినీటి చేపలకు ఆ రుచి తోడవుతుంది. చందువ లాంటి సున్నితమైన చేప మీద అదే రుచి పెత్తనం చేస్తుందని నాకనిపిస్తుంది. ఇది కొలిచి చెప్పిన మాట కాదు, నాలుక మాట. కొంకణ తీరంలో అద్దే బొంబాయి రవ్వ గింజలు గింజలుగా నిలిచి పలుకుగా కరకరలాడుతుంది. పెనం మీద తక్కువ నూనెతో వేయించేటప్పుడు రవ్వ బాగా పనికొస్తుంది, ఎందుకంటే గింజల మధ్య ఆవిరి పోయే దారి ఉంటుంది.

జారుగా కలిపిన పిండి ఎప్పుడు కావాలి? కొవ్వు తక్కువగా ఉండి, ఎముక తీసేసి, మందంగా కోసిన ముక్కకు. కొరమేను, పండుగప్ప బోన్‌లెస్ ముక్కలు అలాంటివి. వాటికి రక్షణ కావాలి, ఆ రక్షణ కాస్త మందంగా ఉన్నా ఫర్వాలేదు. జపాన్ వేపుడు టెంపురా వండేవారు ప్రోటీను తక్కువున్న గోధుమపిండిని చల్లటి నీటితో, ఉండలున్నా పట్టించుకోకుండా అప్పటికప్పుడు కలపడం గ్లూటెన్‌ను ఆపడానికే. బీరు, సోడాలోని కార్బన్ డయాక్సైడ్ పొరలో బుడగలు నింపుతుంది. ఇంగ్లండు వంటగాడు హెస్టన్ బ్లూమెంథాల్ జారులో వోడ్కా కలపడం కూడా ఇదే కోవలోది. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, గ్లూటెన్‌నూ అడ్డుకుంటుంది. మన ఇళ్ళలో ఈ పని చల్లటి సోడా నీళ్ళు, మైదాలో సగం బియ్యప్పిండి కలిపితే చాలావరకు జరుగుతుంది. తినేసోడా అతిగా వేస్తే మాత్రం క్షారం వల్ల లోపల ఉడకకముందే పైన రంగు వచ్చేస్తుంది. జారు పట్టించే ముందు ముక్కకు పొడి పిండి అద్దడం ఫ్యాక్టరీల్లో మామూలే. వాళ్ళు దాన్ని ప్రీడస్ట్ అంటారు. తడి ముక్కకూ తడి జారుకూ మధ్య పట్టు దొరికేది ఆ పొడి పొరతోనే. ఇంట్లో పిండి ఊడిపోతోందని బాధపడేవారు ముందు ఇది చేసి చూడాలి.

నూనె ఎప్పుడు లోపలికి పోతుందన్న విషయంలో చాలామంది ఊహకు విరుద్ధమైన ఫలితాలున్నాయి. టెక్సస్‌లో రోసానా మొరేరా బృందం 1997లో టోర్టియా చిప్స్ మీద చేసిన పరిశోధనలో, చివరికి చేరిన నూనెలో సుమారు ఐదో వంతు మాత్రమే వేగుతున్నప్పుడు లోపలికి పోయింది. ఎక్కువ భాగం మూకుట్లోంచి తీశాక, చల్లారేటప్పుడు పోయింది. కారణం అర్థమవుతూనే ఉంది. వేగుతున్నంతసేపు ఆవిరి బయటికి నెడుతుంది కనుక నూనె లోపలికి రాలేదు. బయటికి తీయగానే లోపలి ఆవిరి నీరై ఒత్తిడి పడిపోతుంది, పైన అంటుకున్న నూనెను రంధ్రాలు లోపలికి పీలుస్తాయి. బంగాళదుంప మీద చేసిన ప్రయోగాలూ ఇదే వైపు చూపాయి. చిప్స్, దుంపలు చేపలు కావు. చేప లోపల నీరు ఇంకా చాలా మిగిలి ఉంటుంది కనుక అంకెలు మారవచ్చు. అయినా వేడివేడిగా ఉన్నప్పుడే చిల్లుల గరిటెలో నూనె ఓడ్చి, ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా జాలీ మీద విడివిడిగా పెట్టడానికి ఈ ఆధారం చాలు. మూత పెడితే ఆవిరి తిరిగి పొరలోకే చేరి మెత్తబడుతుంది.

కొవ్వున్న చేపల విషయం మళ్ళీ వేరు. మాడ్రిడ్‌లో సాంచెజ్ మునిజ్ బృందం 1992లో సార్డీన్లను, అంటే మన కవళ్ళ కుటుంబపు చేపల్ని, ఆలివ్ నూనెలో, పొద్దుతిరుగుడు నూనెలో, పంది కొవ్వులో వేయించి చూసింది. వేగిన చేపలోని కొవ్వు దేనిలో వేగితే దాని పోలిక తెచ్చుకుంది, చేప సొంత కొవ్వు కొంత మూకుట్లోకి చేరింది. ఒమేగా-3 కోసమని కవళ్ళు కొనేవారు పులుసు పెట్టుకుంటే ఆ కొవ్వు గిన్నెలోనే ఉంటుంది. వేయించుకోవాలనిపిస్తే మందపు జారు అక్కర్లేదు. ఉప్పుకారం, చిటికెడు బియ్యప్పిండి, తక్కువ నూనెతో పెనం చాలు. ఒకసారి చేప వేగిన నూనెను మళ్ళీ మళ్ళీ వాడకపోవడమే మంచిది. కాగి కాగి నూనెలో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఫుడ్ సేఫ్టీ అథారిటీ పెట్టిన నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. రాలిన పిండి, చేప తునకలు నూనెను త్వరగా చెడగొడతాయి.

పిండి, మసాలా దాచగలిగినవి కొన్ని, దాచకూడనివి కొన్ని ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. ఆ రోజుల్లో బజారులో కనిపించే వంజరం ఎక్కడిదో, ఐసులో ఎన్నాళ్ళుందో కొనేవారికి తెలియడం కష్టం. వంజరం, కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళ కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం సహజంగా ఎక్కువ. ఐసు సరిగా లేకపోతే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఒకసారి తయారైన హిస్టమిన్ వేయించినా పోదు, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టినా పోదు. చేప చెడినట్టు వాసన రాకముందే అది ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడటం, తలనొప్పి, ఒంటి మీద దద్దుర్లు, నోట్లో మిరియం నమిలినట్టు మంట కనిపిస్తాయి. కారం దట్టించిన వేపుడు తిన్నాక ఆ మంటను మసాలాకో, ఒంటికి చేప పడకపోవడానికో ఆపాదించడం చాలా సులువు. ఇలాంటి లక్షణాలు కనిపిస్తే డాక్టరుకు ఏ చేప తిన్నారో, అది ఎప్పుడు, ఎక్కడ కొన్నదో చెప్పాలి. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కొనేటప్పుడు ముక్కలు కోయించిన చేపకన్నా నిండు చేపను, మొప్పలు ఎత్తి చూసి, పైనే కాదు కింద కూడా ఐసు ఉన్న బుట్టలోంచి తీసుకోవాలి.