శాసనాల తేదీలు – గ్రహగతుల సాక్ష్యం

రాయ్‌పూర్ నగరానికి పడమటి అంచున ఖారూన్ నది ఒడ్డున మహాదేవ్ ఘాట్ ఉన్నది. అక్కడి హాటకేశ్వరాలయాన్ని పదిహేనవ శతాబ్ది ఆరంభంలో హాజిరాజనాయకుడు కట్టించినట్లు ఒక శిలాశాసనం తెలుపుతున్నది. నాటి పాలకుడు కలచురి వంశపు రాయ్‌పూర్ శాఖకు చెందిన బ్రహ్మదేవుడు. శాసనంలో తేదీ వివరంగానే ఉన్నది: విక్రమ సంవత్సరం 1458, శకవర్షం 1322, సర్వజిత్ నామ సంవత్సరం, ఫాల్గుణ శుద్ధ అష్టమి, శుక్రవారం. ఇన్ని వివరాలున్న తేదీని చూచి సామాన్య పాఠకుడు తృప్తి పడతాడు. చరిత్రకారుడికి మాత్రం చిక్కు ఇక్కడే మొదలవుతుంది. విక్రమ శకానికీ శాలివాహన శకానికీ మధ్య ఉండవలసిన అంతరం 135 సంవత్సరాలు. ఈ రాతి మీద అది 136. రెండు అంకెలలో ఒకటి తప్పు. ఏది తప్పో రాయి చెప్పదు. సమకాలిక గ్రంథమేదీ చెప్పదు. చెప్పగలిగినది ఆకాశం ఒక్కటే.

తిథి అన్నది గడియారం చూచి నిర్ణయించే కాలభాగం కాదు. సూర్యుని నుండి చంద్రుడు తూర్పుగా 12 భాగలు జరగడానికి పట్టే కాలమే తిథి. వారాల వరుసకూ ఆకాశానికీ సంబంధం లేదు. ఏడు రోజుల చక్రం తన దారిన తాను నడుస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు ఒక మంచి పరీక్ష ఏర్పడుతుంది. ఫలానా సంవత్సరంలో ఫాల్గుణ శుద్ధ అష్టమి ఏ వారం పడిందో వెనుకకు లెక్కించి, శాసనంలోని వారంతో పోల్చి చూడవచ్చు. చాంద్ర సంవత్సరం 354 రోజులు కనుక ఒక ఏడాది మారితే అదే తిథి సాధారణంగా నాలుగైదు వారాలు అటూ ఇటూ జరుగుతుంది. పై శాసనంలో శకవర్షం 1322 ను గత సంవత్సరంగా తీసుకుంటే అష్టమి 1401 ఫిబ్రవరి 21వ తేదీన, సోమవారం పరిసరాలలో పడుతుంది. విక్రమ సంవత్సరం 1458 ను తీసుకుంటే 1402 ఫిబ్రవరి 10, సరిగ్గా శుక్రవారం. కనుక శకవర్షం వేయడంలోనే లేఖకుడు ఒకటి తగ్గించాడు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో ఈ తరహా పరీక్షలను శాసన పరిశోధనలో క్రమబద్ధం చేసినవారిలో జర్మన్ పండితుడు ఫ్రాంజ్ కీల్‌హార్న్ ముఖ్యుడు. ఆయన పుణెలోని దక్కన్ కళాశాలలో సంస్కృతాచార్యుడిగా పనిచేసి, 1882లో గోటింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు.

ఇంతకూ ఆరు వందల ఏళ్ల క్రితం చంద్రుడు ఎక్కడ ఉన్నాడో ఇంత ధీమాగా చెప్పడం ఎలా సాధ్యం? దీనికి సమాధానం పాఠశాలల భౌతికశాస్త్ర పుస్తకాలలో మొదటి అధ్యాయాలలోనే దొరుకుతుంది. గ్రహాలు దీర్ఘవృత్తాలలో తిరుగుతాయనీ, సూర్యునికి దగ్గరగా ఉన్నప్పుడు వేగంగానూ దూరమైనప్పుడు నెమ్మదిగానూ సాగుతాయనీ కెప్లర్ 1609లో ప్రకటించాడు. పరిభ్రమణ కాలపు వర్గం సగటు దూరపు ఘనానికి అనుపాతంలో ఉంటుందన్న మూడవ నియమం 1619లో వెలువడింది. ఈ మూడింటికీ మూలకారణం ఒక్కటేనని, అది దూరపు వర్గానికి విలోమంగా తగ్గే ఆకర్షణ అని 1687లో న్యూటన్ నిరూపించాడు. ఆకర్షణ నియమం తెలిసినప్పుడు రేపటి స్థానం తెలుసుకోవడానికి పనికివచ్చే గణితమే నిన్నటి స్థానానికీ పనికివస్తుంది. కాలం ముందుకు నడిచినా వెనుకకు నడిచినా ఆ సమీకరణాలు ఒకటే. శాసన పరిశోధకుని ధైర్యానికి పునాది ఇదే.

అయితే చంద్రుడు న్యూటన్‌ను కూడా విసిగించిన గ్రహం. భూమి ఒక్కటే లాగుతుంటే అతని దారి సరళమైన దీర్ఘవృత్తంగా ఉండేది. సూర్యుడు కూడా లాగుతున్నాడు. ఆ లాగుడు అమావాస్య, పూర్ణిమలలో ఒక విధంగా, అష్టముల వద్ద మరొక విధంగా పనిచేస్తుంది. దానితో చంద్రకక్ష్య ఆకారమే నెలనెలా మారుతుంటుంది. దీనికి తోడు ప్రాచీన గ్రహణాల వివరాలను పరిశీలించిన హేలీ 1695లో చంద్రుని వేగం శతాబ్దాలుగా కొద్దికొద్దిగా పెరుగుతున్నట్లున్నదని గుర్తించాడు. భూకక్ష్యలో వచ్చే మార్పు దీనికి కారణమని 1787లో లాప్లాస్ చెప్పగా పండితలోకం ఊపిరి పీల్చుకున్నది. 1853లో ఆడమ్స్ లెక్క తిరిగి చేసి, ఆ కారణం సగానికి మాత్రమే సరిపోతుందని తేల్చాడు. మిగిలిన సగం చంద్రునిది కాదు, భూమిది. సముద్రపు ఆటుపోట్ల రాపిడి వలన భూభ్రమణం మందగించి, దినప్రమాణం శతాబ్దానికి సుమారు రెండు మిల్లీసెకన్ల లోపు పెరుగుతున్నది. క్రీస్తుపూర్వపు గ్రహణాలకు ఈ చిన్న తేడా గంటల్లోకి పేరుకుంటుంది. బ్రహ్మదేవుని కాలానికి మాత్రం అది అయిదు నిమిషాల పరిసరాల్లోనే ఉంటుంది కనుక రాయ్‌పూర్ శాసనానికి దానితో భయం లేదు.

భయపడవలసినది మరొక చోట ఉన్నది. శాసనం చెక్కించిన నాటి జ్యోతిష్కుడు ఆకాశాన్ని చూచి తిథి వేయలేదు. కరణగ్రంథం చూచి వేశాడు. ఆ గ్రంథాలు సూర్యసిద్ధాంతాది సంప్రదాయాలను అనుసరించినవి. సూర్యసిద్ధాంతంలో చంద్రునికి ఒక్క మందఫల సంస్కారమే ఉన్నది. దాని పరమావధి సుమారు అయిదు భాగలు. అమావాస్య, పూర్ణిమల వద్ద ఇది చాలా చక్కగా సరిపోతుంది. అందుకే మన పంచాంగాలలో గ్రహణాలు చాలావరకు నిలబడుతూ వచ్చాయి. అష్టముల వద్ద మాత్రం నిజమైన సంస్కారం ఏడున్నర భాగల వరకు పోతుంది. రెండున్నర భాగల తేడా అంటే తిథి అంతంలో అయిదు గంటల తేడా. తెలుగు పంచాంగకర్తల మధ్య తరతరాలుగా నడిచిన ‘బాణవృద్ధి రసక్షయం’, ‘సప్తవృద్ధి దశక్షయం’ అన్న వివాదానికి అసలు కారణం ఇదే. మొదటి పక్షం ప్రకారం తిథి 65 ఘడియలకు మించదు, 54 ఘడియలకు తగ్గదు. దృక్సిద్ధ పక్షం ప్రకారం అది 67 వరకు పెరుగుతుంది, 50 వరకు తరుగుతుంది. ఈ వివాదాన్ని కేవలం ఆచారాల తగవుగా చూచేవారున్నారు. అది సరికాదు. సూర్యుడు చంద్రుణ్ణి లాగడాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నదే అందులోని ప్రశ్న.

ఆ ప్రశ్నకు దుర్భిణి లేకుండా, న్యూటన్ పేరు ఆధారం చేసుకోకుండా సమాధానం కనుగొన్నవాడు ఛత్తీస్‌గఢ్‌కు పొరుగున ఉన్న ఒడిశాలోనే ఉన్నాడు. ఖండపడా సంస్థానానికి చెందిన సామంత చంద్రశేఖరుడు (1835–1904) వెదురు, కర్రలతో చేసిన పరికరాలతో చంద్రుణ్ణి ఏళ్ల తరబడి పరిశీలించి తుంగాంతరం, పాక్షికం, దిగంశం అనే మూడు సంస్కారాలను చేర్చాడు. 1899లో అచ్చయిన ఆయన సిద్ధాంతదర్పణం భారతీయ సిద్ధాంత సంప్రదాయంలో చివరి మహాగ్రంథమని చెప్పవచ్చు.

శాసనాల విషయానికి వస్తే, పైన చెప్పిన తేడా వలన పరిశోధకుడు రెండు ఆకాశాలను మనసులో పెట్టుకోవలసి వస్తుంది. గ్రహణ ప్రస్తావన ఉన్నచోట నిజమైన ఆకాశం కావాలి. తిథివారాలు మాత్రమే ఉన్నచోట నాటి జ్యోతిష్కుడు నమ్మిన ఆకాశం కావాలి. రాయ్‌పూర్ శాసనంలోని తిథి అష్టమి. కింద ప్రస్తావించబోయే మరి రెండు శాసనాలలోని తిథి నవమి. మూడూ తేడా ఎక్కువగా ఉండే ప్రాంతంలోనే ఉన్నాయి. ఆధునిక చంద్రగణితం తెచ్చి ‘తిథి కుదరలేదు, శాసనం కూటం’ అని తీర్పు చెప్పేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సర్వజిత్ అన్న పేరును కూడా విడిచిపెట్టరాదు. ప్రభవాది అరవై సంవత్సరాల చక్రానికి మూలం గురుగ్రహం. బృహస్పతి మధ్యమగతిలో ఒక రాశిని దాటడానికి సుమారు 361 రోజులు పడుతుంది. సౌరవర్షం కంటే నాలుగు రోజులు తక్కువ కనుక దాదాపు 85 ఏళ్లకొకసారి ఒక పేరును దాటవేయాలి. ఉత్తరాదివారు దాటవేస్తూ వచ్చారు. తెలుగు, కన్నడ దేశాలలో పదవ శతాబ్దం తర్వాత ఆ పద్ధతి విడిచిపెట్టి, పేర్లను వరుసగా లెక్కించుకుంటూ పోయారు. ఫలితంగా 1401–02 సంవత్సరం తెలుగు దేశంలో విషు కాగా రాయ్‌పూర్‌లో సర్వజిత్ అయింది. ఆరు సంవత్సరాల అంతరం. తెలుగు చరిత్రకారుడు తన అలవాటు లెక్కతో ఈ శాసనాన్ని చదివితే 1407కు పోయి చేరతాడు. నిజానికి ఉత్తరాది గణితంతో చూచినప్పుడు సంవత్సర నామం, విక్రమవర్షం, వారం మూడూ ఒకే తేదీని సమర్థిస్తున్నాయి. శకవర్షం ఒంటరిగా మిగిలిపోయింది.

ఇదే పరీక్షను ఖల్లారీ శాసనానికి పెట్టినప్పుడు కథ మరికొంత మలుపు తిరుగుతుంది. నేటి మహాసముంద్ జిల్లాలోని ఖల్లారీకి శాసనంలోని పేరు ఖల్వాటిక. అక్కడి నారాయణాలయాన్ని కట్టించినవాడు రాజు కాదు, మంత్రి కాదు. దేవపాలుడనే మోచీ, అంటే చెప్పులు కుట్టే వృత్తివాడు. మధ్యయుగపు ఆలయ శాసనాలలో ఇటువంటి దాత పేరు అరుదు. కాలం హరిబ్రహ్మదేవుని కాలం. రాయ్‌పూర్ శాసనంలోని బ్రహ్మదేవుడు ఇతడేనని పండితుల అభిప్రాయం. తేదీ: విక్రమ సంవత్సరం 1470, శకవర్షం 1334, ప్లవ సంవత్సరం, మాఘ శుద్ధ నవమి, శనివారం. ఇక్కడ కూడా అంతరం 136. శకవర్షాన్ని నమ్మితే 1413 జనవరిలో బుధవారం పరిసరాలు, విక్రమవర్షాన్ని నమ్మితే 1414 జనవరి చివర మంగళవారం పరిసరాలు వస్తాయి. శనివారం దేనికీ కుదరదు. విక్రమవర్షానికి ఒకటి కలిపితే 1415 జనవరి 19, శనివారం. ఆ నాటికి ఉత్తరాది గణితం ప్రకారం నడుస్తున్న సంవత్సరం ప్లవయే. అంటే ఈ శాసనంలో రెండు శకవర్షాలూ తప్పే. తిథివారాలు, గురుగ్రహపు సంవత్సరం మాత్రమే ఒప్పు. పండితులు వేసిన పెద్ద అంకెలు తప్పి, ఊరివారందరికీ తెలిసిన వారం, తిథి నిలిచాయి. ఇది అసహజం కాదు. ప్రతిష్ఠ జరిగిన నాడు శనివారమో కాదో ఎవరూ పొరపడరు.

ఒక వారం కుదిరినంత మాత్రాన తేదీ రుజువైనట్లేనా? కాదు. ఏ తప్పుడు లెక్కకైనా వారం కుదిరే అవకాశం ఏడింట ఒకటి ఉంటుంది. ఈ బలహీనతను కీల్‌హార్న్ ఎరుగును. కలచురి శకపు ఆరంభం నిర్ణయించే పనిలో ఆయన ఒక్క శాసనాన్ని పట్టుకుని కూర్చోలేదు. కన్నింగ్‌హామ్ అంతకు ముందే ఆ శకాన్ని క్రీస్తుశకం 249 ప్రాంతంలో ఉంచాడు. కీల్‌హార్న్ వారం పేర్కొన్న శాసనాలను ఏరి, ఒక్కొక్కదానికి గణితం చేసి, అన్నింటికీ కుదిరే ఆరంభాన్ని వెదికాడు. రత్నపురపు జాజల్లదేవుని శాసనం వాటిలో ఒకటి. కలచురి సంవత్సరం 866, మార్గశీర్ష శుద్ధ నవమి, ఆదివారం అన్నది 1114 నవంబరు 8కి సరిపోతుంది. ఆ తేదీలన్నీ ఒక దారాన చేరిన తర్వాతనే దక్షిణ కోసల రాజుల వరుస గట్టి నేల మీద నిలిచింది. 1955లో వాసుదేవ విష్ణు మిరాశీ కలచురి శాసన సంపుటాలను ప్రకటించినప్పుడు, పశ్చిమదేశపు పాత తామ్రశాసనాలకు ఏడాది తేడాతో వేరొక లెక్క అవసరమవుతుందని చూపించారు. గణితం ఒక్కసారి చేసి మూసివేసే దస్త్రం కాదని దీనివలన తెలుస్తుంది.

ఈ శ్రమలో పాలనాధికారుల పాత్ర తక్కువది కాదు. మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన రాబర్ట్ స్యూయెల్, మహారాష్ట్రకు చెందిన ఉపాధ్యాయుడు శంకర బాలకృష్ణ దీక్షిత్ కలిసి 1896లో భారతీయ పంచాంగ పట్టికలను వెలువరించారు. దీక్షిత్ ఆ తర్వాత రెండేళ్లకే మరణించారు. మద్రాసు ప్రభుత్వోద్యోగి ఎల్.డి. స్వామికన్ను పిళ్లై 1922లో ప్రకటించిన బృహత్పట్టికలు నేటికీ శాసన పరిశోధకుల బల్లల మీద ఉన్నాయి. మధ్య పరగణాల శాసనాల జాబితాను 1916లో కూర్చిన రాయ్ బహదూర్ హీరాలాల్ కూడా జిల్లా పాలనలో పనిచేసినవారే. నేడు యంత్రగణితం వలన ఈ లెక్కలు క్షణాలలో తేలుతున్నాయి. ఆనాడు ఒక్క తేదీకి అనేక పుటల కూడికలు, తీసివేతలు పట్టేవి.

హీరాలాల్ దృష్టిని ఆకర్షించిన వాటిలో బస్తర్‌లోని బారసూరు తెలుగు శాసనం ఒకటి. ఛిందక నాగవంశపు జగదేకభూషణ ధారావర్షుని సామంతుడైన తెలుగు చోడుడు చంద్రాదిత్యుడు అక్కడ శివాలయం కట్టించి, చెరువు తవ్వించాడు. కాలం శకవర్షం 983. ఇంద్రావతి తీరాన తెలుగు భాష రాతికెక్కిన నాటికి వేంగిలో రాజరాజనరేంద్రుని పాలన ముగింపు దశలో ఉన్నది. ఆ 983 నడుస్తున్న సంవత్సరమైతే 1060–61, గడచిన సంవత్సరమైతే 1061–62. శకసంఖ్య ఒక్కటే చూచి ఈ రెండింటిలో ఒకదానిని ఎన్నుకోవడానికి సూర్యచంద్రులు గానీ బృహస్పతి గానీ సహాయపడలేరు. వారి సాక్ష్యం కావాలంటే రాతి మీద తిథి ఉండాలి, దాని పక్కన వారం ఉండాలి. ఖల్లారీలో దేవపాలుని ఆలయానికి ఆ రెండూ ఉన్నాయి.