ఒర నుంచి జేబుకు

బాకుకు బలమెక్కువ, కానీ దాన్ని ఒరలో పెట్టి నడుముకు కట్టుకు తిరగాలి. చాకు మడిచి జేబులో వేసుకోవచ్చు, కానీ గట్టి పని పెడితే కీలు దగ్గర వదులైపోతుంది. బాకు బలాన్ని చాకులోకి తేవాలంటే రెండు కుదరాలి. ఒకటి అలుగుకు తగిన ఉక్కు, రెండోది దాన్ని పట్టి ఉంచే కీలు. ఇందులో మొదటి దానితో మన ఉత్తర తెలంగాణకు దగ్గరి చుట్టరికం ఉంది.

రామగుండం నుంచి పడమరగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, ఇప్పటి నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం ఉంది. ఒకప్పుడు పర్షియా వర్తకులు ఉక్కు ముద్దల కోసం ఈ ఊరి దాకా వచ్చేవారు. అదే జిల్లాలోని ఇందల్వాయి గురించి 1660ల్లో ఇటు ప్రయాణించిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో రాశాడు. అక్కడ తయారైన కత్తులు, బాకులు, ఈటెలు దేశమంతా అమ్ముడుపోతున్నాయని ఆయన చెప్పాడు.

కోనసముద్రం పనితనాన్ని వివరంగా నమోదు చేసినవాడు హెన్రీ వాయిసీ. భారత త్రికోణమితీయ సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన ఆయన 1824లో చనిపోయాడు. ఆయన రాసుకున్నది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. కమ్మరులు రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుమును కలిపి మట్టి మూసల్లో పెట్టేవారు. మూతలు బిగించి, కట్టె బొగ్గుల కొలిమిలో ఉంచి, వంతులవారీగా తిత్తులు ఊదేవారు. మూసలో తయారైన ముద్దను మళ్లీ మళ్లీ కాల్చి మెత్తబరచేవారు. ఇదే విద్యను తమ దేశంలో చేసి చూసిన పర్షియన్లకు అది పట్టుబడలేదు.

ప్రపంచం వూట్జ్ అని పిలిచిన ఈ రకం ఉక్కులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం ఉంటుంది. అందుకే పదును నిలుస్తుంది. అయితే వేడి కాస్త ఎక్కువైతే సుత్తి దెబ్బకు ముక్కలైపోతుంది.

ఇంత మొండి ఉక్కుతో చిన్న కత్తి చేయొచ్చా? ఆ పరీక్ష లండన్‌లో జరిగింది. 1794లో బొంబాయి నుంచి డాక్టర్ హెలెనస్ స్కాట్ వూట్జ్ నమూనాలను రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు అందులో ఒక ముక్కను చీకట్లో మాత్రమే కనిపించేంత మంద ఎరుపుకు కాల్చి, ఈక కలాలు చెక్కే చాకు చేశాడు. పదును మేలైన ఉక్కుకు ఏమాత్రం తీసిపోలేదని 1795లో జార్జ్ పియర్సన్ తన పరిశోధన పత్రంలో రాశాడు. తర్వాత స్టోడార్ట్ తన దుకాణం ప్రకటనలోనే వూట్జ్ పేరు వేసుకున్నాడు. మైకేల్ ఫారడే అతనితో కలిసి ఉక్కు మిశ్రమాలపై ప్రయోగాలు చేశాడు. ఖడ్గాల ఉక్కు చాకుకూ పనికొస్తుందని అలా తేలింది.

ఇక మిగిలింది కీలు.

బాకు అలుగు పిడి లోపలి దాకా ఒకే ముక్కగా దిగి ఉంటుంది. మడత కత్తిలో ఆ బరువంతా ఒక్క చీల మీద పడుతుంది. పాత చాకుల్లో వెనక స్ప్రింగు ఒత్తిడే ఆధారం కావడంతో, గట్టిగా పొడిస్తే అలుగు వేళ్ల మీదికి మూసుకునేది. ఫ్రాన్స్‌లో ఒపినెల్ సంస్థ 1955లో మెడ దగ్గర తిరిగే ఉక్కు ఉంగరం పెట్టి దీనికో ఉపాయం చూపింది.

అసలు మలుపు 1964లో అమెరికాలో వచ్చింది. హోయ్ట్ బక్ అనే కమ్మరి అరిగిన ఆకురాళ్లతో కత్తులు చేసేవాడు. లారీ కమాన్ పట్టీలతో మన కమ్మరులు చేసే పనీ ఇలాంటిదే. ఆయన కొడుకు అల్ బక్ హయాంలో, వేట బాకు చేసే పనిని మడత కత్తితో చేయించాలని ‘బక్ 110’ తెచ్చారు. పిడి వీపులో ఉండే ఉక్కు కడ్డీ, అలుగు తెరవగానే దాని మొదట్లోని గాడిలో పడి బిగుసుకుంటుంది. పిడి రెండు చివర్లా దట్టమైన ఇత్తడి వేశారు. బలం వచ్చింది గానీ బరువు దాదాపు 200 గ్రాములకు చేరింది. దాంతో నడుముకు కట్టుకునే తోలు ఒరను కూడా జతచేసి అమ్మారు! అయినా అది ప్రపంచంలో ఎక్కువగా అనుకరణకు గురైన మడత కత్తుల్లో ఒకటైంది.

మళ్లీ మన ఉక్కు దగ్గరికి వస్తే, కోనసముద్రం కొలిమిలో నేల బొగ్గు మండలేదు. మూస ఉక్కుకు ఆధారం అడవి, సింగరేణి బొగ్గుకు ఆధారం గని. ఈ రెండు పరిశ్రమలూ ఒకే గోదావరి సీమలో వేర్వేరు కాలాల్లో ఎదిగాయి. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి పాత ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ జిల్లాల్లో ఇనుప చిట్టెం దిబ్బలను, మూసల పెంకులను ఊరూరా నమోదు చేశాయి. బొగ్గు పట్టణాలైన రామగుండం, గోదావరిఖని అప్పటి కరీంనగర్ జిల్లాలోనివే. ఈ దిబ్బలకు హద్దురాళ్లు వేసి, వివరాల బోర్డులు పెట్టే బాధ్యతను పురావస్తు శాఖ తీసుకోవాలి. పొలం దున్నుతుంటే మూస పెంకు దొరికిన రైతు దాన్ని పారేయకుండా దగ్గర్లోని పాఠశాలకైనా అందించాలి.