రాయల వేసవి విస్తరి

నేను చెప్పే శ్రీకాకుళం సిక్కోలు కాదు. ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఆంధ్ర మహావిష్ణువు ఊరు. కళింగ దండయాత్రకు పోతూ కృష్ణదేవరాయలు ఇక్కడ ఏకాదశి ఉపవాసం ఉన్నాడనీ, కలలో స్వామి కనబడి తెలుగులో కావ్యం చెప్పమన్నాడనీ అంటారు. అదే ‘ఆముక్తమాల్యద’. దాని కవిత్వం సంగతి పండితులు చూసుకుంటారు. నా చూపు అందులో విష్ణుభక్తుడైన విష్ణుచిత్తుడు అతిథులకు వేసే విస్తరి మీద.

వానకాలానికి ఒక భోజనం, చలికాలానికి ఒకటి, వేసవికి మరొకటి. వేసవి పద్యంలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలచని అంబలి, చెరకు రసం, కొబ్బరి నీళ్లు, పళ్లు, పరిమళించే చన్నీళ్లు, నీరుమజ్జిగ ఉన్నాయి. చలికాలపు మిరియాల ఘాటు, చెయ్యి చురుక్కుమనే నెయ్యి ఇక్కడ లేవు. కథ శ్రీవిల్లిపుత్తూరుది, విస్తరి మాత్రం మనదే. తమిళ సోదరులు ఒప్పుకోకపోవచ్చు.

ఐసు లేని రోజుల్లో చల్లదనమంతా మట్టికుండదే. కుండ చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. అందుకే గాలి ఆడేచోట, ఇసుక మీద పెట్టి తడిగుడ్డ చుడతారు. బందరు వైపు ఉక్కపోసే రోజున మాత్రం ఈ విద్య అంతగా పారదు.

రాయల వేసవి పద్యంలో పానకం పేరు లేదు. పానకం ఆ పద్యం కంటే ఎంతో పాతది. బెల్లం పానకం పులుపుతోనూ, పులుపు లేకుండానూ ఉంటుందని సుశ్రుత సంహిత చెప్పింది. శ్రీరామనవమికి వడపప్పు పక్కన మనం పెట్టేది పులుపు లేనిది. మంగళగిరి నరసింహస్వామి తాగేదీ అదే, సగం తాగి సగం మనకు వదిలేస్తాడు. రాయలు చలికాలానికి దాచిన మిరియం ఎండాకాలపు పానకంలో దర్జాగా కూర్చుంది.

బెల్లం ఒక వంతు, నీళ్లు నాలుగైదు వంతులు. పొయ్యి ఎక్కించొద్దు. చితక్కొట్టి కుండనీళ్లలో వేస్తే అదే కరుగుతుంది. పలచటి గుడ్డలో వడకడితే చెరకు పీచు, మట్టి గుడ్డలోనే మిగులుతాయి. మిరియాలు కచ్చాపచ్చాగా నూరాలి, మెత్తగా నూరితే గొంతు పట్టుకుంటుంది. చిటికెడు శొంఠి, రెండు యాలకులు చాలు.

ఉయ్యూరులో కేసీపీ పంచదార మిల్లు ఉంది, పంచదారకి కొదవ లేదు. ఇప్పుడు పంచదారతోనూ పానకం కలిపేస్తున్నారు. బెల్లంలో ఉండే కాస్త ఉప్పదనమే మిరియానికి జోడీ, పంచదారకి అది లేదు. బెల్లం దొరకని రోజున నీరుమజ్జిగ తాగి ఊరుకోవడం నయం.