చేపల, రొయ్యల మేతలో అనుబంధ పోషకాలు: పశ్చిమ కృష్ణా డెల్టా

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల చెరువుల్లో మామూలు మేతకు తోడు ఇచ్చే ఖనిజ మిశ్రమాలు, విటమిన్లు, ఈస్టు, ఎంజైములు, ప్రోబయోటిక్కులను అనుబంధ పోషకాలు అంటారు. కాలువల కింది చెరువుల్లో మంచినీటి చేప, రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల తీరాన రొయ్య ప్రధానం.

చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసంలో (12వ శతాబ్దం) చేపల మేత ప్రస్తావన ఉంది. తర్వాత ఎనిమిది వందల ఏళ్లు ఊరచెరువు చేప దొరికింది తిని పెరిగింది.

1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి బృందం పిట్యూటరీ సారంతో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించింది. ఆ విజయంతో చేపపిల్లల కొరతకు దారి దొరికింది. 1970ల చివర నుంచి కొల్లేరులో, ఆపైన డెల్టా అంతటా కట్ల, శీలావతి సాగు విస్తరించింది. మిల్లు తవుడు, వేరుశెనగ చెక్క, పత్తి చెక్క మేతయ్యాయి. రైతులు అడుగున చిల్లులు పెట్టిన ఎరువుల సంచుల్లో మేత నింపి, చెరువులో పాతిన గెడలకు కట్టారు. చేప చిల్లుల దగ్గరికి వచ్చి లాక్కు తింటుంది; మేత నీటిపాలు కావడం తగ్గుతుంది. ఆంధ్ర రైతు వాడుకలోకి తెచ్చిన మేలైన పద్ధతి ఇది.

అయితే తవుడులోని భాస్వరం అధికభాగం ఫైటేటు రూపంలో ఉంటుంది. ఫైటేటును విడగొట్టే ఎంజైము కార్పు జాతులకు చాలినంత లేనందున అది ఒంటికి పట్టదు. వేరుశెనగ చెక్కలో లైసిన్, మిథియోనిన్ తక్కువ. తడిస్తే బూజు విషం చేరుతుంది. పత్తి చెక్కలో గాసిపాల్ ఉంటుంది. డైకాల్షియం ఫాస్ఫేటు, ఉప్పు, ఖనిజ మిశ్రమం సంచిలోకి చేరింది ఈ లోట్ల వల్లే. విటమిన్ సి లోపిస్తే చేప వెన్ను వంకరపోతుంది. చేపల విటమిన్ అవసరాలను 1950లలో అమెరికాలో జాన్ హాల్వర్ ప్రయోగపు మేతలతో నిర్ధారించాడు.

1990ల ఆరంభంలో టైగర్ రొయ్య తీరాన్ని మార్చేసింది. 1994–95లో తెల్లమచ్చ వైరస్ చెరువులను ఖాళీ చేసింది. వైరస్‌పై పనిచేయని యాంటీబయాటిక్కులు మేతలో కలిపిన చెరువులూ ఉన్నాయి. ఈ చరిత్రలో విచారకరమైన ఘట్టమిది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగును కట్టడి చేస్తూ తీర్పునిచ్చింది. 2005 చట్టంతో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పడింది. క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వాడకం నిషిద్ధం.

2009లో వనామీ అనే రొయ్య రకం సాగుకు అనుమతి రావడంతో అనుబంధ పోషకాల వాడకం బాగా పెరిగింది. రొయ్య కుబుసం విడిచిన ప్రతిసారీ కొంత ఖనిజం పెంకుతోపాటే పోతుంది. సముద్రపు నీటిలో సోడియం, పొటాషియం నిష్పత్తి దాదాపు 28:1. ఉప్పదనం తక్కువైన బోరునీటి చెరువుల్లో పొటాషియం చాలకపోతే రొయ్య నీరసిస్తుంది, పెంకు మెత్తబడుతుంది. అందుకే ఖనిజాలను నీటిలోనూ చల్లుతారు, జిగురుతో మేతకూ పట్టిస్తారు. బెల్లం, తవుడు, ఈస్టు డ్రమ్ములో పులియబెట్టి చెరువులో పోయడం రైతులు చౌకగా చేసుకునే మంచి పని. బాసిల్లస్ బాక్టీరియా పొడులు కూడా మేతలో కలుపుతారు. ఇవి పట్టించిన మేత రొయ్య తిన్నదీ లేనిదీ, నీటిలో దించిన చెక్ ట్రే (మేత పళ్లెం) పైకి లాగి చూస్తారు.

2020లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టం తెచ్చింది. మేత తయారీకి, అమ్మకానికి లైసెన్సు తప్పనిసరైంది.