ఎదిగే వయసులో బరువు.. పస్తులు పనికిరావు

కౌమార బాలబాలికల బరువును పెద్దల కొలమానంతో నిర్ణయించరాదు. 5 నుంచి 18 ఏళ్ల వారికి భారత శిశువైద్యుల అకాడమీ 2015లో సవరించిన ఎదుగుదల పట్టికల్లో వయసును బట్టి, ఆడ, మగ తేడాను బట్టి బీఎంఐ చూడాలి. కాస్త బొద్దుగా ఉన్నవారిలో చాలామందికి కిలోలు తగ్గాల్సిన పనే లేదు. బరువు నిలకడగా ఉండి, ఎత్తు పెరిగితే చాలు. సన్నబడాలని టిఫిను, రాత్రి భోజనం మానేస్తే ఆడపిల్లల్లో రక్తహీనత ముదురుతుంది. ప్రకటనలు చూసి మాత్రలు, పొడులు వాడటం మరీ ప్రమాదకరం. కంచంలో అన్నం కొంత తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచాలి. రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆటల పీరియడును లెక్కల తరగతికి మళ్లించే పాఠశాలలు దీనిని గమనించాలి. ఇంట్లో ఎగతాళి చేస్తే పిల్లలు చాటుగా తింటారు. నెలసరి ఆగినా, తరచూ కళ్లు తిరిగినా, తిన్నది కావాలని కక్కుకుంటున్నా వెంటనే వైద్యుని సంప్రదించాలి.