గోదాలో తువాలు



ముష్టియుద్ధము మన పల్లెవారికి కొత్తది కాదు. భాగవతమున చాణూర ముష్టికుల వధ వినని పెద్ద మీలో నుండడు. మన నల్లగొండ సీమలోనిదే యైన కొలనుపాక కల్యాణి చాళుక్యుల యేలుబడిలో ప్రసిద్ధి కెక్కిన పట్టణము. ఆ వంశపు రాజగు మూడవ సోమేశ్వరుడు (1126-1138) తన ‘మానసోల్లాసము’న మల్లవినోదమను ప్రకరణము వ్రాసి, వయస్సును బలమును బట్టి మల్లులకు తరగతు లేర్పరచి, వారి తిండిని సాధనను గూడ వివరించెను. నేనును బాల్యమున మా పాలమూరు వైపు తాలీములో ఎర్రమట్టి పూసికొని దండీలు, బస్కీలు తీసినవాడనే. ఉస్తాదు మొదట పట్టు నేర్పెడివాడు. పట్టు విడుచుట మాత్రము ఎప్పుడో చివరను నేర్పెడివాడు. ఆ రెండవ విద్యను గూర్చియే నేడు చెప్పదలచితిని. అందులకు అమెరికా చలనచిత్ర కథ నొకదానిని తీసికొనుచున్నాను. పరదేశపు బొమ్మ గదా యని చెవులు మూసికొనవలదు.

1976లో ‘రాకీ’ యను చిత్రము వెలువడెను. కథ వ్రాసినవాడును, వేషము కట్టినవాడును సిల్వెస్టర్ స్టాలోనే. ఫిలడెల్ఫియా నగరపు అనామక యోధుడు రాకీ, లోకవిజేతయగు అపోలో క్రీడ్‌తో 15 రౌండ్లు పోరాడి, ఓడియు పడక నిలుచును. తరువాతి భాగములలో వారిరువురును ప్రాణమిత్రులైరి. 1985లో వచ్చిన నాలుగవ భాగమున రష్యా యోధుడు ఇవాన్ డ్రాగో దెబ్బలకు అపోలో గోదాలోనే మరణించెను.

ఇచ్చట నొక నియమము తెలియవలెను. యోధుడు తాళలేకున్నప్పుడు అతని పక్షమువాడు తువాలు లోనికి విసరినచో పోరు నిలిచిపోవును. అది ఓటమి నొప్పుకొనుట. ఆనాడు తువాలు రాకీ చేతిలోనే యున్నది. విసరవలదని అపోలో పట్టుబట్టెను. మిత్రుని మాట దాటలేక రాకీ తడవు చేసెను. ఆ తడవులోనే ప్రాణము పోయినది.

ముప్పది యేండ్లకు, 2015లో, రయాన్ కూగ్లర్ దర్శకత్వమున ‘క్రీడ్’ వచ్చెను. అపోలో చనిపోయిన పిదప పుట్టిన కొడుకు అడోనిస్, తండ్రి పేరు పెట్టుకొనుటకే జంకుచు, భోజనశాల నడుపుకొనుచున్న వృద్ధ రాకీని గురువుగా కోరి వచ్చును. 2018 నాటి రెండవ భాగమున అతనికి డ్రాగో కొడుకు విక్టర్ ఎదురు నిలిచెను. తండ్రుల కయ్యము కొడుకుల మెడకు చుట్టుకొనెను. తక్షకు డొక్కడు తండ్రిని కరచినందులకు జనమేజయుడు సర్పజాతి నెల్ల హోమము చేయబూనలేదా? ఆ యాగము నాపుటకు ఆస్తీకుడు రావలసివచ్చెను. ఈ కథలో ఆస్తీకు డెవడు? సాక్షాత్తు డ్రాగోయే! తన పరాభవమును కొడుకు పిడికిళ్లతో కడుగుకొనవలెనని ఏండ్ల తరబడి వానిని సానబట్టిన యా కఠినుడు, కొడుకు దెబ్బలు తినుచు ఒరిగిపోవుట చూడలేక, తానే తువాలు విసరి వానిని కౌగిలించుకొనెను. 1985లో పడని తువాలు 2018లో పడినది. లోకము అడోనిస్ గెలిచెననును. నా కన్నులకు ఆనాడు గెలిచినవాడు డ్రాగోయే. కృష్ణ కావలి యొడ్డున, కారెంపూడి రణమున, బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రు డొరిగినప్పుడు తువాలు విసరువాడు లేకపోయెను.

2023లో వచ్చిన మూడవ భాగమున రాకీ కనబడనే కనబడడు. అడోనిస్ వేషధారి మైకేల్ బి. జోర్డనే దర్శకత్వమును వహించెను. అందు అడోనిస్ కూతురు, వినికిడి లేని చిన్నది, పిడికిలి బిగించుచున్నది.

కథ చాలును, మన గడ్డమీద జరిగినది చెప్పెదను. నిజామాబాదున సంసాముద్దీన్ అను శిక్షకుడు తన కొడుకులకు ఈ విద్య నేర్పెను. వారిలో హుసాముద్దీన్ 2018, 2022 సంవత్సరముల కామన్వెల్తు క్రీడలలో కాంస్యపతకములను, 2023 ప్రపంచపోటీలలో మరియొక కాంస్యమును గెలిచెను. ఆ గురువు విద్యను కొడుకులకే దాచియుంచలేదు. పరుగుపందెములలో నున్న నిఖత్ జరీన్, ముష్టియుద్ధమున ఆడపిల్లలేల లేరని తండ్రి జమీల్ అహమ్మదు నడిగెను. ఆడపిల్ల పొట్టిలాగు తొడిగి పిడిగుద్దులాడునా, దానిని పెండ్లాడువా డెవడని చుట్టుపట్లవారు గుసగుసలాడినను, ఆ తండ్రి వెనుదీయలేదు. ఆమెకును సంసాముద్దీన్ విద్య చెప్పెను. ఆమె 2022లో ఇస్తాంబులునను, 2023లో ఢిల్లీయందును ప్రపంచవిజేత యయ్యెను. 2024 పారిసు ఒలింపిక్సులో చైనా యోధురాలి చేతిలో ఓడెను. ఓటమియు ఈ విద్యలోనిదే గదా.

మా ఊరి తాలీములో ఆడపిల్ల అడుగు పెట్టరాదు. మా అక్క గోడవెనుక నిలిచి సందులోనుండి చూచుచుండెడిది. ఒకనాడు పెరటిలో నన్ను రెండు పట్టులలో వెల్లకిల పడవేసినది. ఉస్తాదుతో చెప్పుటకు నాకు సిగ్గు. చెప్పలేదు.