తుపాను రాత్రి బడి

రేడియోలో తుపాను హెచ్చరిక వినిపించినపుడు మనము కిటికీలు బిగించుకొని కూర్చుందుము. తాటాకు గుడిసెలోనివారు ఎక్కడకు పోవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుకొనుటకు కృష్ణాతీరమునకు నూరేండ్లకు పైగా పట్టినది.

1864 నవంబరు 1వ తేదీన ఉప్పెన బందరును ముంచి, పట్టణములోను చుట్టుపట్ల గ్రామములలోను సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొనెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై సముద్రము దాదాపు 5 మీటర్ల యెత్తున లేచి వచ్చెను. ప్రభుత్వపు లెక్కనుబట్టియే సుమారు 10,000 మంది మరణించిరి. హెచ్చరికలు వెలువడకపోలేదు. పొమ్మన్నవారు పోదగిన చోటు చూపలేకపోయిరి. మట్టిగోడలు నీట కరగినవి; కప్పులు గాలికి లేచిపోయినవి.

అటుపిమ్మట తీరమువెంట తుపాను షెల్టర్లు వెలసినవి. వీని కట్టుబడి గమనింపదగినది. క్రింద గోడలుండవు, కాంక్రీటు స్తంభములు మాత్రమే. ఉప్పెననీరు వాని నడుమనుండి సాగిపోవును. పైన గదులు, ఆపైన జనము నిలువదగిన గట్టి మిద్దె. గాలి త్రోపు తగ్గుటకై కొన్నింటిని గుండ్రముగా గట్టిరి.

ఏండ్లకొకసారి అక్కరకు వచ్చు కట్టడమునకు తాళము వేసి యుంచినచో, అక్కరవేళకు తాళపుచెవి యెవరివద్ద నున్నదో తెలియదు. అందుచేత అనేక షెల్టర్లలో బడి పెట్టిరి. ఇది పొదుపుకొరకు చేసిన పనియని తోచవచ్చును. మాకు మాత్రము ఇందు అంతకంటె పెద్ద మేలు కనబడుచున్నది. కప్పు కారినచో పంతులుగారికి ఆనాడే తెలియును. దినదినమును ఆ మెట్లెక్కిన పిల్లవాడు చీకటిలో సైతము అవ్వను చేయిపట్టి తీసికొనిపోగలడు.

1990 మే 9వ తేదీన కృష్ణ ముఖద్వారము దాపున తీరము దాటిన తుపాను బలమున వెనుకటిదానికి తీసిపోదు. అయినను మృతులు వేయికి లోపు. ఆ ఖ్యాతి యంతయు షెల్టర్లదే యనుట అతిశయోక్తి. ముందుగా 6 లక్షలకు పైగా జనమును తరలించుటయే ముఖ్యకారణము. అయితే తరలించుటకు చోటుండవలెను గదా! అవి వేసవి సెలవులు కూడ. గదులు ఖాళీగనే యున్నవి.

ఇక ఉప్పుగాలి సంగతి. పగుళ్లలో తడి చేరి కాంక్రీటులోని ఇనుము త్రుప్పుపట్టి ఉబ్బును, పెచ్చులూడును. కట్టించినవారొకరు, బడి నడుపువారొకరు అగుటచే, మరమ్మతు ఎవరిదను వాదములోనే కొన్ని షెల్టర్లు పాడుబడినవి.